పుట్టింటికి మోసిన నీళ్లు

చుట్టూ చెరువులు నిండి పొర్లుతున్న ఊరికి ఇంటి నుంచి నీళ్ల క్యాను మోసుకుపోయేవాళ్లు ఉంటారా? ఉంటారు. మేమే ఉన్నాం. పట్టుదల మా అత్తది, నొప్పిపుట్టిన భుజం నాది. పది లీటర్ల క్యాను మూత కింద ప్లాస్టిక్ కవరు పెట్టి బిగించి, పిడికి పాత చీర పేలిక చుట్టి, "పట్టుకో" అని నా చేతికిచ్చింది ఆమె. అనంతపురం బస్టాండులో దాన్ని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ మనసులో ఆమెను తిట్టుకున్నంతగా నా పెళ్లయినప్పటి నుంచి ఎప్పుడూ తిట్టుకోలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు.

మాది బుక్కరాయసముద్రం. పేరులో సముద్రం ఉంది, ఊరి పక్కనే పెద్ద చెరువు ఉంది, మా ఇంటి కొళాయికి మాత్రం ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడే నీళ్లు. మా ఆయనా నేనూ రోడ్డు పక్కన చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతాం. పొద్దున్నే దోసె పెనం ఎక్కించే ముందు నీళ్ల డ్రమ్ములోకి తొంగి చూడటం మాకు దేవుడికి దండం పెట్టుకోవడం లాంటిది. అత్త మొదట కాపురానికి వచ్చింది ఇంతకన్నా ఎండిన పల్లెకు. బావి అడుగున ఊరిన నీటిని చెంబుతో తోడి బిందె నింపుకున్న మనిషి. ఆమె రాజ్యంలో బియ్యం కడిగిన నీళ్లతో అంట్లకు తొలి కడుగు, ఆ నీళ్లే తర్వాత కరివేపాకు చెట్టుకు. పెళ్లికి పోయినా ఆసుపత్రికి పోయినా తన నీళ్లు తన పక్కన ఉండాల్సిందే. "ఆడ ఉంటాయో ల్యావో ఎవరు చూసినారు?" అంటుంది. పెనుకొండకు బయలుదేరిన రోజు కూడా అదే మాట. మనం పోతున్నదే పొర్లుతున్న చెరువును చూడటానికి కదా అత్తా అని గుర్తు చేస్తే, "అది చెరువు. ఇవి నీళ్లు" అంది.

పెనుకొండ ఆమె పుట్టిన ఊరు. ఆమెకు ఒక్కడే అన్న, ఆయనకు పిల్లలు లేరు. ఉన్నన్నాళ్లూ ఆయన మధ్యమధ్య చెల్లెల్ని పిలిపించుకుని, భార్య చేత ఒడిబియ్యం పెట్టించి పంపేవాడు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి గిన్నెలు, ఆకువక్క, రవిక గుడ్డ అన్నీ కొంగులో పోయించుకుని, మూట బరువుకు ఒక పక్కకు ఒరిగి నడుస్తూ ఇంటికి వచ్చేది. ముందు ఆ వదిన పోయింది. తర్వాత అన్న పోయాడు. ఇల్లు దాయాదులు అమ్ముకున్నారు. అంతటితో అత్తకు ఒడి నింపే చేతులు లేకుండా పోయాయి.

మా వీధిలో ఎవరైనా పుట్టింటి నుంచి ఒడిబియ్యం తెచ్చుకుంటే, ఆ బియ్యం వండి చుట్టుపక్కల ఆడవాళ్లను భోజనానికి పిలుస్తారు. అత్తనూ పిలుస్తారు. పోతుంది, తింటుంది, పప్పు బాగుందని చెబుతుంది, ఇంటికొచ్చి ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడదు. ఒకసారి "ఏమత్తా, కడుపులో బాగలేదా?" అని అడిగితే, "ఎప్పుడూ పొయ్యి తినేదే గానీ, పిలిచి పెట్టేది ల్యాకపాయ" అంది. మా ఇంట్లో బియ్యం లేక కాదు. పుట్టింటి బియ్యం లేక.

ఈసారి వానలు గట్టిగా పడ్డాయి. ఒకరోజు మా మామ ఫోనుకు ఎవరో వీడియో పంపారు. పెనుకొండ చెరువు మరువ పోతోంది. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోవడానికి కట్టిన రాతిగోడను మా వైపు మరువ అంటారు. దాని మీదుగా ఎర్రటి నీళ్లు దూకుతున్నాయి. అత్త దాన్ని మళ్లీ మళ్లీ పెట్టించుకుని, ఫోనులో చార్జింగు అయిపోయేదాకా చూసింది. అప్పుడు చెప్పింది.

"మా ఊర్లో చెరువమ్మను ఊరి ఆడబిడ్డ అంటారు. మరువ పోయిందంటే బిడ్డ పుట్టింటికి వచ్చినట్ల. ఆడోళ్లంతా పొయ్యి ఒడిబియ్యం పెడతారు. మా అమ్మ పెడతాంటే చూసినా, చిన్నప్పుడు. నాకు ఒడి నింపేవాళ్లు ఎట్లాగూ ల్యారు. ఆ తల్లికన్నా నా చేత్తో నింపి వస్తా. తీసకపో మే."

తీసకపో మే అన్నది నన్నే. ఒక రోజు నేను లేకపోతే చట్నీ ఎవరు రుబ్బుతారని గొణిగాను. "నేను చూసుకుంటాలే, పొయ్ రాండి" అన్నాడు మా ఆయన. మామను కూడా రమ్మన్నాం. "నేనూ వస్తే, కొళాయి వచ్చినప్పుడు ఎవరు పట్టేది?" అని ఆయన ఉండిపోయాడు. మా ఇంట్లో ఆ ప్రశ్నకు ఎదురు లేదు.

హిందూపురం పోయే బస్సు ఎక్కాం. ఇప్పుడు ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు. కండక్టరు మా కార్డులు చూసి, తర్వాత కాళ్ల దగ్గరున్న క్యాను చూశాడు.

"ఏముండాది అవ్వా దీంట్లో? నూనెనా?"

"నీళ్లప్పా."

"యాడికి?"

"పెనుకొండకు."

ఆయన బస్సంతా వినేటట్టు, "ఆడ నీళ్లు ఎక్కువై రోడ్లమీదికి వస్తాంటే, నువ్వు ఇంగా తీసకపోతాండావా అవ్వా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను, అత్త వైపు చూడకుండా. అత్త క్యానును కాళ్లతో ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "నగు నాయనా, నగు. దాహమైతే అడుగు, ఇస్తా" అంది. చెన్నేకొత్తపల్లి దాటాక ఆ కండక్టరే వచ్చి అడిగి మరీ తాగిపోయాడు.

నేను పుట్టి పెరిగింది ఈ నేల మీదే. ఎర్రమట్టి, నల్లబండలు, దుమ్ము కప్పిన తుమ్మచెట్లు, ఇంతే దీని రంగులని అనుకునేదాన్ని. ఆ రోజు దారి పొడవునా గుంతల్లో, కాలవల్లో, వేరుశనగ చేల మధ్య నిలిచిన నీళ్లలో ఆకాశం కనిపించింది. కిటికీ పక్కన కూర్చుని ఇంత నీటిని చూడటం నాకు అలవాటు లేదు. టిఫిన్ సెంటర్ గురించి ఆలోచించడం ఎక్కడ మానేశానో కూడా తెలియదు.

పెనుకొండలో దిగగానే ఎదురుగా కొండ. రాజులు ఎండాకాలం విడిదికి వచ్చిన ఊరట ఇది. మాకు ఎండాకాలం విడిది అంటే టిఫిన్ సెంటర్ వెనక వేపచెట్టు. కొండను చుట్టుకుని కోట గోడలు, గోడల పైన అడవి, అడవి పైన మబ్బు. ఆ అడవి అంత పచ్చగా ఉంటుందని నేను అనుకోలేదు. కొండ మీద నుంచి కోసుకొచ్చిన సీతాఫలాలను బుట్టల్లో పెట్టుకుని కొందరు ఆడవాళ్లు గోడకు ఆనుకుని కూర్చున్నారు. అడవిలో ఎలుగుబంట్లు కూడా కోతకు వస్తాయని, వాటికంటే ముందు లేవాలని ఒకామె నవ్వుతూ చెప్పింది.

కాస్త ఎత్తుకు ఎక్కి చూస్తే, ఊరి చుట్టూ ఎటు తిరిగినా ఏదో ఒక చెరువు మెరుస్తోంది. పై చెరువు పొర్లితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది పొర్లితే ఇంకా కిందిదానికి పోయేటట్టు పాతకాలం వాళ్లు కట్టించి పోయారని అత్త చెప్పింది. వాళ్ల మహళ్లలో ఇప్పుడు పావురాలున్నాయి. చెరువులు మాత్రం ఈనాటికీ పని చేస్తున్నాయి. కట్టించిన రాజెవరో, రాళ్లు మోసిన కూలివాళ్లెవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, వాళ్ల కడుపు చల్లగుండాలి అనుకున్నాను. ఎవరినైనా మెచ్చుకోవాలంటే నాకు చాలా సమయం పడుతుంది. ఆ రోజు పట్టలేదు.

ముందు ఇల్లు చూద్దామంది అత్త. "ఈడ చింతచెట్టు ఉండె, ఈడ బొరుగుల బట్టీ ఉండె, ఆ మూల తిరిగితే మాదే" అంటూ నాకంటే వేగంగా నడిచింది. వాళ్ల నాయన బొరుగులు వేయించి అమ్మేవాడు. మూల తిరిగాం. ఇల్లు లేదు. ఆ చోట ఇనుప షట్టరు పెట్టిన కొత్త గది, లోపల పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు ఫ్లెక్సీలు అచ్చువేసే షాపు. మిషను మీద ఎవరిదో నవ్వుమొహం కొంచెం కొంచెంగా బయటికి వస్తోంది. షాపాయన మర్యాదగానే మాట్లాడాడు. ముందు ఇక్కడ ఎవరుండేవాళ్లో తనకు తెలియదన్నాడు, కూర్చోమని స్టూలు వేశాడు.

అత్త కూర్చోలేదు. షాపు ముందు మురుగు కాలవ మీద అడ్డంగా వేసిన ఒక బండను చూస్తోంది. నేను దాని మీదే నిలబడి ఉన్నాను.

"దిగు మే. అది మా గడప" అంది.

ఉలిక్కిపడి దిగాను. ఒకప్పుడు పసుపు రాసిన బండ కాలవ మీదికి చేరింది. ఆమె వంగి దాన్ని చేత్తో తాకి, ఆ చేతిని కళ్లకు అద్దుకుని, "పద. చెరువు కాడికి పోదాం" అంది. గొంతులో ఏ తేడా లేదు. అందుకే నాకు భయమేసింది. ఇంత దూరం వచ్చి ఈమె ఉత్త చేతులతో, ఉత్త మొహంతో ఇంటికి పోతే నేను చూడలేననిపించింది. అక్కడి నుంచి క్యాను బరువు నాకు తెలియలేదు.

మరువ చప్పుడు కట్ట ఎక్కకముందే వినిపించింది. పైకి ఎక్కి చూశాను. కొండ కాళ్ల దాకా నీళ్లు. మరువ మీద నీళ్లు ఒకే పలచని దుప్పటిలా జారి, కింద రాళ్ల మీద పడి ఎర్రగా నురగలు కక్కుతున్నాయి. జనం ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. కట్టకు ఒక పక్క, తడి తగలని చోట, మూడు రాళ్లు పెట్టి కొందరు ఆడవాళ్లు పొంగలి వండుతున్నారు. వాళ్లందరికీ పెద్దగా కనిపించిన ఒకావిడ, అత్త వయసుదే, పెద్ద ముక్కుపుడక, చేతిలో గరిటె, ఎవరి మీదనో గట్టిగా అరుస్తోంది. చెరువు నీళ్లు బురద, వంటకు పనికిరావు. మంచినీళ్లు తెమ్మని మోటారుసైకిల్ మీద పంపిన మనిషి ఫోటోలు దిగుతూ ఎక్కడో ఆగిపోయాడు. గిన్నె అడుగంటుతోంది.

ఆమె కళ్లు మా క్యాను మీద పడ్డాయి.

"ఏమ్మా, అవి మంచినీళ్లేనా?"

నాకు నవ్వు ఆగలేదు. ఇంత పెద్ద చెరువు గట్టు మీద, మా కొళాయి నీళ్లను మంచినీళ్లా అని అడుగుతున్నారు! అత్త నా వైపు ఒక్క చూపు చూసింది, ఇప్పుడు చెప్పు అన్నట్టు. క్యాను మూత తీసి తన చేత్తోనే పొంగలి గిన్నెలోకి ఒంపింది. మట్టం చూసుకోకుండా, ఆపి కొలుచుకోకుండా ఆమె నీళ్లు పోయడం నేను చూడటం అదే మొదటిసారి. మిగిలినవి చేతులు కడుక్కోవడానికి కూడా ఇచ్చింది.

పొంగలి దించాక ఆడవాళ్లు మరువ పక్కకు నడిచారు. అత్త తన సంచీలోంచి మూట తీసింది. పసుపు కలిపిన బియ్యం, కొబ్బరి, ఆకుపచ్చ రవిక గుడ్డ. తానే ముందు రోజు సర్దుకుంది, నన్ను ముట్టుకోనివ్వలేదు. దోసిలి నిండా తీసుకుని ముందుకు పోతుంటే ముక్కుపుడక ఆవిడ అడిగింది.

"ఏ ఊరమ్మా మీది?"

"ఈ ఊరే. బొరుగులు వేయించే ఆయన కూతుర్ని. నన్ను అనంతపురం తట్టు ఇచ్చినారు."

"నాకు తెలీదులేమ్మా" అంటూ ఆవిడ అత్త దోసిలి మీద తన చెయ్యి అడ్డం పెట్టింది. "ఈడ పుట్టిందానివైతే నువ్వు పెట్టగూడదు."

అత్త అట్లాగే నిలబడిపోయింది. దోసిలి ముందుకు పోలేదు, వెనక్కీ రాలేదు. వేళ్ల సందుల్లోంచి బియ్యం గింజలు జారుతున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"యాలవ్వా పెట్టగూడదు? మా నీళ్లు మీ పొంగలికి పనికొచ్చినాయి గానీ, ఆయమ్మ బియ్యం పనికిరావా? దానికోసమే గదా ఇంత దూరం వచ్చింది!"

నా గొంతుకు అందరూ తిరిగి చూశారు. ఆవిడకు కోపం రాలేదు. "నీ కోడలికి నోరు బాగనే ఉండాదే" అంది అత్తతో. "మంచిదే, పనికొస్తాది." తర్వాత నా వైపు తిరిగి చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"చెరువమ్మ ఈ ఊరి ఆడబిడ్డ. మీ అత్తా ఈ ఊరి ఆడబిడ్డే. ఆడబిడ్డకు ఆడబిడ్డ ఒడి నింపేది యాడన్నా ఉండాదా? నింపేది మేము, ఈ ఊరికి కోడండ్లుగా వచ్చినోళ్లం. నాది సోమందేపల్లె. ఆయమ్మది మడకశిర. మేము పెట్టాల." మళ్లీ అత్తను అడిగింది, "నీకు ఒడి పెట్టి ఎన్నాళ్లైందమ్మా?"

"మా వదిన పోయినప్పట్నుంచి ల్యా. అన్నా ల్యా. ఇల్లూ ల్యా" అంది అత్త. కింద పడిన గింజలనే చూస్తూ చెప్పింది.

"వదిన ల్యాకపోతే? మేమేమన్నా చచ్చినామా?" అని ఆవిడ కసురుకుంది. "కూచో ఆ బండ మీద. పట్టు కొంగు."

అత్త కూర్చోలేదు. "వద్దమ్మా, నేను పెట్టేకి వచ్చినా, పట్టేకి కాదు. మీరెవరో నేనెవరో" అని వెనక్కి తగ్గింది. ఎవరైనా ఊరకే ఇస్తే ఏదీ తీసుకోని మనిషి. ఆవిడ ఆమె భుజాలు పట్టుకుని నొక్కి కూర్చోబెట్టింది. "నేనెవరా? నీ వదినను. ఇంగ నోరు మూసుకో."

అత్త కొంగు పట్టింది. అత్త చెరువుకోసం తెచ్చుకున్న బియ్యంలోంచే ఆవిడ మొదటి దోసిలి పోసింది. తర్వాత మడకశిర ఆమె, తర్వాత ఇంకొకామె, తర్వాత పేర్లు కూడా అడగని మరికొందరు. ఒకామె కొబ్బరి గిన్నె పెట్టింది. చిన్న వయసు కోడలొకామె తన దగ్గర ఇంకేమీ లేక, సంచీలోంచి సీతాఫలం తీసి పెట్టింది. మరువ నుంచి ఎగిరిన తుంపర్లు బియ్యం మీద పడుతున్నాయి. అత్త ఎవరి మొహమూ చూడలేదు. కొంగు నిండుతున్న కొద్దీ దాన్ని రెండు చేతులతో పొట్టకు అదుముకుంది. నేను ఏడ్చాను. దాచుకోవడానికేమీ ప్రయత్నించలేదు, అక్కడ అందరి మొహాలూ ఎట్లాగూ తడిగానే ఉన్నాయి.

అత్త తెచ్చిన రవిక గుడ్డను, మిగిలిన బియ్యాన్ని ఆవిడ తన చేత్తో చెరువుకు పెట్టింది. "నీదే, నేను చేర్చినా" అంది.

ఒడి నిండాక ఒక పని మిగిలి ఉంటుంది. ఆడబిడ్డ తన కొంగులోంచి కొన్ని పిడికిళ్లు తీసి, పుట్టిల్లు చల్లగా ఉండాలని ఆ ఇంట్లోనే తిరిగి పోసి రావాలి. వాళ్ల అన్న ఉన్నప్పుడు వంటింటి బియ్యం కుండలో పోసేదట. అత్త లేచి ఊరి వైపు చూసింది. అక్కడున్నది ఫ్లెక్సీల షాపు. ఆడవాళ్లంతా ఊరకే నిలబడ్డారు.

అత్త నెమ్మదిగా తిరిగి మరువ పక్కకు పోయింది. నేను వెనక నుంచి ఆమె నడుము పట్టుకున్నాను. పిడికిలి తీసి నీళ్లలో వదిలింది. మళ్లీ తీసి వదిలింది. పసుపు బియ్యం ఎర్రనీళ్ల మీద ఒక్క క్షణం కనిపించి, మరువ దాటి కింది చెరువు వైపు పోయింది. "నా పుట్టిల్లు చల్లగుండాల" అని పైకే అంది. పెట్టకూడదన్న చెరువుకే, ఇప్పుడు ఎవరూ అడ్డం చెప్పలేని హక్కుతో, బియ్యం పోసింది.

తిరుగు బస్సులో ఖాళీ క్యాను నా ఒళ్లో, నిండు మూట ఆమె ఒళ్లో. నేను మోస్తానంటే ఇవ్వలేదు. నీళ్లు మోయించినందుకు తిట్టుకున్న తిట్లన్నీ ఆ దారిలోనే వెనక్కి తీసుకున్నాను. ఆ క్యాను లేకపోతే ఆ గిన్నె దగ్గర మేము ఆగేవాళ్లమే కాదు. ఆ ఆడవాళ్లను నేను మళ్లీ చూస్తానో లేదో తెలియదు. దండం పెట్టుకునేటప్పుడు నా దేవుళ్ల వరసలో ఇప్పుడు ఒక ముక్కుపుడక కూడా ఉంది.

ఆ వారంలోనే ఒక రోజు అత్త తల స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, వీధిలో గడప గడపకూ పోయింది. నన్ను కూడా వెంట రమ్మంది. "మధ్యాన్నం అన్నానికి రాండి, నా ఒడిబియ్యం వండుతాండాము" అని చెప్పుకుంటూ పోయింది. చివరి ఇంటామె, అత్త సంగతి ఎప్పటి నుంచో తెలిసిన మనిషి, తలుపు పట్టుకుని ఆశ్చర్యంగా అడిగింది.

"ఒడిబియ్యమా? నీకు ఎవరు పెట్టినారక్కా?"

"మా వదిన."

"నీకున్నది ఒక్క వదిన, ఆయమ్మ ఎప్పుడో పాయ గదా?"

"అది ఇంటి వదిన" అంది అత్త. "ఊరి నిండా ఉండారు నాకు."